బనీను లోపలి జేబు

ఆగస్టు 3

భుజం నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకోమన్నాడు డాక్టరు. అందుకే ఈ నోటు పుస్తకం. ఎక్స్‌రేలో ఏమీ లేదట. ముప్పయ్యేళ్ళవాడి భుజంలా ఉందట. యాభై నాలుగేళ్ళ మనిషి భుజం పట్టుకుని వెళితే పొగిడి పంపించాడు. డాక్టర్లకేం తెలుసు.

నొప్పి: పొద్దున లేదు. రేంజిలో తుపాకీ ఎత్తగానే వచ్చింది. ఇంటికొచ్చాక లేదు.

ఆగస్టు 5

నొప్పి: రేంజిలో.

పిచ్చుక ఇవాళ గాల్లోకి విసిరిన ఇరవై అయిదు మట్టి బిళ్ళల్లో ఇరవై ఒకటి కొట్టింది. దాని వయసులో నేను పదహారు దాటలేదు. ఈ మాట దానికి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుంది. మా చెల్లెలి కూతురు. పదిహేడేళ్ళొచ్చినా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది కాబట్టి చిన్నప్పటి పేరే మిగిలిపోయింది. అక్టోబరు పంతొమ్మిదిన రాష్ట్ర జట్టు ఎంపిక. అందులో నెగ్గితే కాలేజీలో సీటూ హాస్టలూ అన్నీ క్రీడా శాఖ వాళ్ళే చూసుకుంటారు. "అన్నయ్యా, దాన్ని నీ చేతుల్లో పెట్టాను" అంది చెల్లెలు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి పిల్లని పెంచిన మనిషి. ఆ మాట ఊరికే అనదు.

దిండు ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఆయన తుపాకీకి భుజానికి ఆనే మడమ మీద, పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ తగలకుండా, అంగుళం మందాన నల్ల రబ్బరు ప్యాడ్ ఉంటుంది. "దుప్పటి కూడా తెచ్చుకున్నారా సార్?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడనుకోండి. నేను అందరికీ చెప్పేది ఒకటే: నిలబడటం వస్తే తన్ను తెలియదు. పాతికేళ్ళుగా ఇదే చెబుతున్నాను. క్లబ్బు గోడ మీద రాయించారు కూడా.

ఆగస్టు 6

నొప్పి: రేంజిలో.

ఆగస్టు 9

మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. బస్టాండు వెనక సందులో ఆయన షెడ్డు. తుపాకీలకి కొయ్య మడమలు చేయడంలో ఆయన్ని మించినవాడు నాకు తెలిసి లేడు. వెళ్ళేసరికి ఒక మడమకి ప్యాడ్ బిగిస్తున్నాడు. ప్యాడ్ ఎంత మందమో అంత కొయ్య ముందు కోసేయాలి, లేకపోతే తుపాకీ పొడవైపోయి చేతికి అందదు. రంపం పెట్టే గీత చుట్టూ టేపు అంటించాడు, కొయ్య పెచ్చులు లేవకుండా. కోశాక ప్యాడ్‌ని తిరిగే పట్టీ మీద అరగదీశాడు. షెడ్డంతా కాలిన రబ్బరు వాసన. కొయ్య పాలిష్‌కి వెంట్రుక దూరంలో ఆపేశాడు. ఆ చెయ్యి చూస్తూ నిలబడితే వచ్చిన పని మర్చిపోతాం.

నిజంగా తన్ను తగ్గుతుందా అని అడిగాను, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"తన్ను ఎక్కడికీ పోదు మాస్టారూ. ఒక్కసారిగా తన్నేది కాస్త నిదానంగా తంతుంది. ఒక చోట తన్నేది నాలుగు చోట్ల తంతుంది. అంతే."

ఒక స్నేహితుడికి చొక్కా లోపల పెట్టుకోవడానికి మెత్తటి ముక్క కావాలన్నాను. అరచెయ్యంత ముక్క కోశాడు. తర్వాత కొలత టేపు తీసి, "మీ స్నేహితుడి భుజం ఎంతుంటుంది?" అంటూ నా భుజమే కొలిచాడు.

ఆగస్టు 10

మా ఆవిడ బనీనుకి లోపలివైపు జేబు కుట్టి ఇచ్చింది. డాక్టరు వేడి పట్టించుకోమన్న ప్యాడ్ అని చెప్పాను. రబ్బరులా ఉందే అంది. కొత్తరకం అన్నాను. రెండు బనీన్లకి కుట్టింది, ఒకటి ఉతికితే ఇంకొకటి ఉంటుందని.

ఆగస్టు 14

ఎవరూ రాకముందే వెళ్ళి, బిళ్ళలు విసిరే మెషిన్ నేనే కాలితో నొక్కుకుంటూ ఒక రౌండు కాల్చాను. ఇరవై మూడు. నొప్పి: లేదు.

తర్వాత పిచ్చుక వచ్చింది. దానికి చూపించడానికి రెండు బిళ్ళలు కొట్టాను. రెండూ పొడైపోయాయి. "మావయ్యా, మీకసలు నొప్పి పుట్టదా?" అంది. నిలబడటం వస్తే తన్ను తెలియదన్నాను. గోడ మీద ఉన్న మాటే కదా, కొత్తగా చెప్పిందేమీ లేదు.

ఆగస్టు 22

ఇవాళ రేంజిలో ఆరుగురున్నారు. పిచ్చుక రౌండు ముగించి, భుజం రుద్దుకుంటూ వచ్చి, అందరి ముందూ అడిగింది. ఇంజనీరుగారి తుపాకీ ఒకసారి ఎత్తి చూసిందట. హాయిగా ఉందట. తన తుపాకీకి కూడా అలాంటిది వేయించుకోవచ్చా అని.

విడిగా అడిగి ఉంటే వేరేలా చెప్పేవాణ్ణేమో. అందరి ముందూ అడిగింది. ఇంజనీరు పక్కనే ఉన్నాడు. ఎంపికకి రెండు నెలల ముందు తుపాకీ పొడవు మార్చకూడదని చెప్పి ఉండొచ్చు. అదీ నిజమే, కొంతవరకు. కానీ నేనన్నది అది కాదు. "ఇప్పుడు దిండు అడుగుతావు, రేపు జోలపాట పాడమంటావు" అన్నాను. అందరూ నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. పిచ్చుక నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఎండగా ఉంది. ఆ మాట అంటున్నప్పుడు నా జేబులోని ముక్క చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తీరా ఇంటికొచ్చి ఆలోచిస్తే, నాదీ దానిదీ ఒకటి కాదు. నాకు డాక్టరు చెప్పాడు. అది కుర్రది, భుజం గట్టిపడాలి.

నొప్పి: లేదు.

ఆగస్టు 23

డాక్టరు ప్యాడ్ పెట్టుకోమని చెప్పలేదు. రాసుకోమని మాత్రమే చెప్పాడు.

ఆగస్టు 30

చెల్లెలు ఫోన్ చేసింది. పిల్ల తల దువ్వుకుంటుంటే చూసిందట. మెడ దగ్గర్నుంచి చంక దాకా నల్లగా కమిలిపోయి, అంచుల్లో పసుపురంగు తిరిగిందట.

"మా వార్డుకి ఇలాంటి భుజంతో ఎవరైనా వస్తే, ఎవరు కొట్టారమ్మా అని అడుగుతాను అన్నయ్యా. దీన్నేమని అడగను?"

ఎక్కువ కాలిస్తే అందరికీ అంతేనన్నాను. ఐసు పెట్టమన్నాను. నువ్వు చెప్పావంటే సరేలే అంది.

సెప్టెంబరు 7

ఆదివారం. రేంజి నిండా జనం. పిచ్చుక స్కోరు పడిపోతోంది. పద్దెనిమిది, పదిహేడు. పేలబోయే ముందే దాని కళ్ళు మూసుకుంటున్నాయని నాకు అనుమానం. పేలుడులో అది కనబడదు. కనబడాలంటే ఒకటే దారి. మందులేని ఉత్తి తూటాని అసలువాటిలో కలిపేస్తాను. వీపు తిప్పి తుపాకీ నేనే నింపి చేతికిస్తాను. ఏది పేలుతుందో ఏది పేలదో కాల్చేవాళ్ళకి తెలియదు. ఉత్తిది వచ్చినప్పుడు, ధైర్యంగా ఉన్నవాళ్ళ గొట్టం కదలదు. తన్నుతుందని ముందే బెదిరినవాళ్ళ గొట్టం కిందికి పడుతుంది, భుజం ముందుకి పొడుచుకొస్తుంది, కళ్ళు గట్టిగా మూసుకుంటాయి. ఊరంతా చూస్తుంది. పాతికేళ్ళలో ఎంతమందికి చేశానో లెక్కలేదు. అందరూ నవ్వుతారు, వాళ్ళూ నవ్వుతారు, అక్కడితో బాగుపడతారు.

మూడోది ఉత్తిది పెట్టాను. టిక్కుమంది. పిచ్చుక ఒళ్ళంతా ముందుకి తూలింది. గొట్టం నేల చూసింది. "పిచ్చుక ఎగిరిపోయిందిరోయ్" అన్నాను. రేంజంతా ఒకటే నవ్వు.

"మళ్ళీ" అన్నాను. నింపి ఇచ్చాను. మళ్ళీ ఉత్తిదే. మళ్ళీ తూలింది. ఆరుసార్లు చేయించాను. ఆరోసారికి ఎవరూ నవ్వడం లేదు, నేను తప్ప.

ఇది చేయాల్సిన పనే. నాకు కూడా మా గురువు ఇలాగే చేశాడు. చేయాల్సిన పనే.

సెప్టెంబరు 8

నొప్పి: రాయడం మర్చిపోతున్నాను. లేదు.

సెప్టెంబరు 16

పదమూడు. పిచ్చుక ఫోను ఎక్కువ చూస్తోంది, మనసు ఆట మీద లేదు. చెల్లెలితో ఇదే చెప్పాను.

సెప్టెంబరు 21

పిచ్చుకని భోజనానికి పిలిచింది మా ఆవిడ. నాతో చెప్పకుండానే పిలిచింది. తిన్నాక వాన వచ్చేలా ఉంటే, బాల్కనీలో బట్టలు తీసుకురావే అని పిల్లని పంపింది. నేను పేపరు చదువుతున్నాను. ఎంతకీ రాలేదు. తల తిప్పి చూశాను.

బనీను తిరగేసి ఆరేసి ఉంది. లోపలి జేబు పైకి కనబడుతోంది. కుట్లు ఊడకుండా ఉండాలని మా ఆవిడ జేబు చుట్టూ రెండేసి వరసలు వేసింది. రబ్బరు ముక్క పక్కనే గోడ మీద ఆరుతోంది. పిచ్చుక దాన్ని తీసుకుని జేబులో పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. బయటికి తీసింది. మెల్లగా తన భుజానికి ఆనించుకుంది, తుపాకీ మడమ ఆనే చోట. ఒక్క క్షణం అలాగే పట్టుకుని, తిరిగి గోడ మీద పెట్టేసింది.

బట్టలన్నీ మడతపెట్టి కుర్చీలో పెట్టింది. బనీను కూడా మడతపెట్టింది. నావైపు చూడలేదు. వెళ్ళొస్తానత్తా అంది. నాతో ఎప్పుడూ వెళ్ళొస్తా మావయ్యా అంటుంది.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పేపరులో పెట్టుకున్నాను.

సెప్టెంబరు 22

రాలేదు.

సెప్టెంబరు 23

రాలేదు.

సెప్టెంబరు 24

చెల్లెలి ఇంటికి వెళ్ళాను. చెల్లెలు డ్యూటీలో ఉంది. పిచ్చుక తలుపు తీసి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెచ్చింది. చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది.

"ఎప్పట్నుంచి మావయ్యా?"

ఎంతో ఆలోచించి బయల్దేరానా, అన్నీ చెప్పేయాలనే వచ్చానా, తీరా అది అడిగేసరికి నోట్లోంచి ఏం ఊడిపడిందో చూడండి. పోయిన వారం నుంచే అన్నాను. ఇక్కడ కొంచెం పట్టేసిందని, ఇదివరకెప్పుడూ లేదని. అది తలూపింది. రబ్బరు ముక్క అంచులు అరిగిపోయి ఉన్నాయి, చెమటకి రంగు మారి ఉంది. ఆ రోజు బాల్కనీలోనే అది చూసింది. చూసిందని నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు. అయినా తలూపి, నీళ్ళు తాగండి మావయ్యా అంది.

పదిహేడేళ్ళ పిల్ల నా పరువు కాపాడింది. దానికన్నా మొహం మీద ఉమ్మి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 26

మా ఆవిడతో చెప్పాను. విన్నంతసేపూ చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది.

"నాకు మొదటిరోజే తెలుసు. రబ్బరుకి వేడి పట్టదని నాకు తెలియదా? మీరే చెబుతారని చూశాను. మీకు మెత్తగా కావాలంటే నేను కుట్టాను. ఆ పిల్లకెవరు కుడతారు?"

ఆవిడ లేచి బుట్ట లోపల పెట్టింది. వెనక్కి తిరిగి, బట్టలు తీయమని దాన్ని కావాలనే పంపానంది.

సెప్టెంబరు 28

పిచ్చుక తుపాకీ తీసుకుని మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. చెల్లెలు పిల్లని బలవంతాన వెంట పంపింది. మిస్త్రీ దాని మోచేతి మడతలో మడమ ఆనించి, వేలు ట్రిగ్గర్‌కి ఎలా అందుతోందో చూశాడు. అంగుళం కోసి అంగుళం ప్యాడ్ వేశాడు. పైపెచ్చు తుపాకీ ముందునుంచీ దానికి అరంగుళం పొడవేనన్నాడు, ఆ అరంగుళం కూడా తీసేశాడు. రెండేళ్ళుగా దాని చేతిలో ఆ తుపాకీ చూస్తున్నాను. పొడవు నేనే చూసి సరేనన్నాను.

సందులోకి నడుస్తుంటే మిస్త్రీ నన్ను వెనక్కి పిలిచాడు. "మీ స్నేహితుడు ఎలా ఉన్నాడు మాస్టారూ?" అన్నాడు.

అక్టోబరు 2

కమిలిన చోటు తగ్గింది. కొత్త ప్యాడ్‌తో అసలేమీ అనిపించడం లేదంది. అయినా పద్నాలుగే. కళ్ళు ఇంకా మూసుకుంటున్నాయి. భుజం మర్చిపోయింది, కళ్ళు మర్చిపోలేదు.

రౌండు అయ్యాక తుపాకీని సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"నేను పిరికిదాన్ని మావయ్యా. ఇది నాకు రాదు. అమ్మకి మీరే చెప్పండి, నేను చెప్పలేను."

కాదన్నాను. ఎందుకు కాదో చెప్పలేకపోయాను. చెప్పాల్సింది ఒకటే ఉంది.

అక్టోబరు 3

ఇక్కడైనా రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

పోయిన ఏడాది నవంబరులో దిండు ఇంజనీరుని ఆటపట్టిస్తూ, ప్యాడ్ లేని తుపాకీ తీసుకుని, బాగా బరువైన తూటా పెట్టి, భుజానికి సరిగా ఆనించకుండానే కాల్చాను. చూశారా ఏమీ కాలేదు అని చూపించడానికి. తుపాకీ వెనక్కొచ్చి భుజాన్నీ దవడనీ కలిపి కొట్టింది. కళ్ళలో చుక్కలు కనబడ్డాయి. నవ్వుతూ నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు. రెండు వారాల్లో తగ్గిపోయింది. డాక్టరు చెప్పింది నిజమే, భుజంలో ఏమీ లేదు.

ఆ రోజు నుంచి కళ్ళు మూసుకుంటున్నాను.

నొప్పి కాదు. భయం. తుపాకీ ఎత్తగానే వస్తుంది, దించగానే పోతుంది. మొదటి పేజీలోనే రాసి ఉంది, చదువుకోలేదు. దానికి చూపించేటప్పుడు రెండు బిళ్ళలే ఎందుకు కొడతానంటే, రెండింటి దాకా బిగపట్టుకోగలను. ఆగస్టు పద్నాలుగున ఇరవై మూడు అని రాశాను. పదిహేడు.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను.

అక్టోబరు 4

రేపు ఆదివారం. రేపు చెబుతాను.

అక్టోబరు 5

బనీను వేసుకోలేదు. మామూలు చొక్కా వేసుకుని వెళ్ళాను.

పిచ్చుక రానన్నా, మా ఆవిడ వెళ్ళి తీసుకొచ్చింది. సెప్టెంబరులో నవ్వినవాళ్ళంతా ఉన్నారు. ఇంజనీరూ ఉన్నాడు. నా తుపాకీ తీసి పిచ్చుక చేతిలో పెట్టాను. అసలువీ ఉత్తివీ కలిపిన తూటాల డబ్బా పెట్టాను. నువ్వు నింపు అన్నాను. అర్థం కానట్టు చూసింది. వీపు తిప్పి నింపు, నాకు చూపించకు అన్నాను.

టీ పోస్తున్నవాడు చెయ్యి ఆపి చూశాడు.

మొదటిది పేలింది. బిళ్ళ పొడి. రెండోది పేలింది. బిళ్ళ పొడి. వెనక ఎవరో మాస్టారా మజాకానా అన్నారు. మూడోది ఇచ్చింది. బిళ్ళ లేచింది. ట్రిగ్గర్ నొక్కాను.

టిక్కుమంది.

నా గొట్టం నేలకి పడింది. ఒళ్ళు ముందుకి పోయి ఒక అడుగు వేశాను. కళ్ళు తెరిచేసరికి బిళ్ళ అవతల గడ్డిలో పడి ఉంది, ఒక్క పెచ్చు కూడా లేవకుండా. అంతసేపు మూసుకున్నానన్నమాట.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనే సిద్ధపడి వచ్చాను. నవ్వకపోతే ఏం చేయాలో తెలియలేదు. ఇంజనీరు తల దించుకున్నాడు, నా కోసం. ఆయన్ని ఎన్ని మాటలన్నానో.

పిచ్చుక దగ్గరికొచ్చింది. మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"ఎప్పట్నుంచి మావయ్యా?"

అదే ప్రశ్న. ఈసారి అందరికీ వినపడేలా చెప్పాను.

"పోయిన నవంబరు నుంచి. నీకు కళ్ళు మూసుకోవడం రాకముందు నుంచి. ఆగస్టు నుంచి లోపల ప్యాడ్ పెట్టుకుంటున్నాను. నువ్వడిగిన రోజున కూడా ఒంటి మీద ఉంది. నువ్వు పిరికిదానివి కాదు. నిన్ను తన్నించింది నేను."

చెప్పేశాను. గుండె తేలికవుతుందంటారు. ఏమీ కాలేదు. అక్కణ్ణుంచి ఎలాగైనా వెళ్ళిపోవాలనిపించింది. తుపాకీ బెంచీ మీద పెట్టబోయాను.

పిచ్చుక నా చేతిలోంచి తుపాకీ తీసుకుంది. వీపు తిప్పింది. నింపింది. మూసి నా చేతికిచ్చింది. దాని మొహంలో కోపముందో జాలి ఉందో నాకు తెలియలేదు. రెండూ ఉండే ఉంటాయి.

"మళ్ళీ" అంది.

సెప్టెంబరు ఏడున నేనన్న గొంతుతోనే అంది. ఆరుసార్లు అంది. ఆరుసార్లూ కాల్చాను. తర్వాత తన తుపాకీ నాకిచ్చి, ఇప్పుడు నాకు నింపండి అంది. అలా ఒకరి తర్వాత ఒకరం ఎండ దిగేదాకా కాల్చాం. చూసేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అక్టోబరు 12

ఇరవై. నాది కాదు, దానిది. నాది పదహారు.

అక్టోబరు 19

ఇరవై రెండు కొట్టింది. జట్టులోకి రావాలంటే ఇరవై నాలుగు కావాల్సి వచ్చింది.

రెండు బిళ్ళలు. ఆగస్టు ఇరవై రెండున వేయించుకోవే అని ఉంటే, ఎనిమిది వారాలు ఉండేవి దానికి. మూడు వారాలే మిగిల్చాను. ఆ రెండు బిళ్ళలూ నావి. ఎవరు ఏమన్నా నావే.

చెల్లెలికి నేనే చెప్పాను, మొదట్నుంచి చివరిదాకా. పిల్ల చెప్పలేదట, ఇంతకాలం ఒక్క ముక్క కూడా. "నీ మీద నమ్మకంతో ఆ దెబ్బకి ఐసు పెట్టాను అన్నయ్యా" అంది. కాఫీ ఇచ్చింది. తాగలేక తాగాను.

వచ్చే ఏడాది మళ్ళీ ఎంపిక ఉంది. వస్తుందో రాదో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

అక్టోబరు 26

గోడ మీది రాత మీద సున్నం వేయించాను. కొత్తగా ఏం రాయించమంటారని అడిగాడు పెయింటరు. ఏమీ వద్దన్నాను.

ఏడింటికి రేంజికి వెళ్ళేసరికి పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన తుపాకీ సంచి. ఒళ్ళో తూటాల డబ్బా. వచ్చే ఏడాది గురించి ఏమీ మాట్లాడలేదు. నన్ను క్షమించానని కూడా అనలేదు.

"ముందు మీ వంతు" అంది.

నా తుపాకీకి కూడా మిస్త్రీ ప్యాడ్ వేశాడు, అందరికీ కనబడేలా నల్లటిది. ఇంజనీరు చూసి, దుప్పటి ఏది మాస్టారూ అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

ఇరవై అయిదు తూటాలు నింపి ఇచ్చింది. అందులో తొమ్మిది ఉత్తివి. ఎన్నిసార్లు కళ్ళు మూశానో అది వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నిలబడింది. అయిపోయాక ఆరు కదా అన్నాను.

"ఏడు మావయ్యా" అంది.

ఏడు.